పడ్డాడా? పడేశారా?

పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాడని మన పెద్దవాళ్ళ మాట. మాట పడి ఊరుకున్నవాడి గురించి పుట్టిన సామెత అది. ఫుట్‌బాల్ చూసేవాళ్ళ దగ్గర మాత్రం ఇది చెల్లదు. అక్కడ ముందు అనుమానించేది పడ్డవాణ్ణే. నిజంగా తగిలి పడ్డాడా? తగలకుండానే పడ్డాడా? తగిలిందే అనుకున్నా, మరీ అలా పొర్లాడేంతగా తగిలిందా? ఈ మూడు ప్రశ్నల మీద ప్రపంచంలో ఎంతమంది ఎన్ని రాత్రులు నిద్ర మానుకుని వాదించుకున్నారో!

మా ఇంట్లో ఇద్దరున్నారు. మావారూ, మా అబ్బాయీ. ప్రపంచకప్ వచ్చిందంటే సోఫాకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. ఒకరికి పెనాల్టీగా కనిపించేది ఇంకొకరికి నాటకంగా కనిపిస్తుంది. టీవీ ఒకటే, చూసే కళ్ళే వేరు. చపాతీలు ఒత్తుకుంటూ వీళ్ళ వాదనలు వినీ వినీ నాకో సందేహం వచ్చింది. అసలీ పెనాల్టీ అన్నది ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టాల్సి వచ్చింది? ఆ కథ వెతుక్కుంటూ వెళ్తే అందులో ఆటకన్నా మన ఇళ్ళ సంగతులే ఎక్కువ కనిపించాయి. అందుకే మీతో చెబుదామని.

2022 డిసెంబర్ 18న ఖతార్‌లో జరిగిన ఫైనల్ మీలో చాలామంది చూసే ఉంటారు. చూడకపోయినా ఇంట్లో అరుపులు వినే ఉంటారు. అర్జెంటీనా ఆటగాడు డి మరియా పడ్డాడు, రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు, మెస్సీ గోల్ కొట్టాడు. ఆట చివర్లో ఫ్రాన్స్ ఆటగాడు తురామ్ పడ్డాడు. అదే రిఫరీ, పోలండ్‌కి చెందిన మార్చినియాక్, ఈసారి పెనాల్టీ ఇవ్వలేదు సరికదా, నాటకం ఆడావంటూ తురామ్‌కే పసుపు కార్డు చూపించాడు. ఒక పడటానికి బహుమానం, ఇంకో పడటానికి శిక్ష. ఈ రెండింటికీ మధ్య గీత గియ్యడానికి మనుషులు నూటముప్ఫై ఏళ్ళుగా తంటాలు పడుతున్నారు.

కథ మొదటికి వెళ్దాం. ఈ ఆటకు లండన్‌లో నియమాలు రాసుకున్నది 1863లో. రాసినవాళ్ళు ఎక్కువమంది పెద్ద స్కూళ్ళలో చదువుకున్న కలవారి పిల్లలు. వాళ్ళ లెక్కలో మర్యాదస్తుడు కావాలని తప్పు చెయ్యడు. పొరపాటున చేస్తే తనే ఒప్పుకుంటాడు. ఇంక శిక్షల అవసరమేముంది? 1880ల దాకా తీర్పు చెప్పే పద్ధతి కూడా తమాషాగా ఉండేది. ఒక్కో జట్టు తరఫున ఒక్కో అంపైర్ ఉండేవాడు. మన పెళ్ళిళ్ళలో ఆడపిల్లవారి పెద్ద ఒకరు, మగపెళ్ళివారి పెద్ద ఒకరు కూర్చుని మాట్లాడుకున్నట్టన్నమాట. ఆ ఇద్దరికీ కుదరకపోతే మైదానం బయట నిలబడ్డ మూడో మనిషిని అడిగేవారు. తగవు తీసుకెళ్ళి ఆయనకు ‘రిఫర్’ చేస్తారు కనక ఆయన రిఫరీ అయ్యాడు. ఆటగాళ్ళు అడిగితేనే తీర్పు, అడక్కపోతే లేదు.

పెళ్ళి మాటల్లో కట్నకానుకల దగ్గరికొచ్చేసరికి పెద్దల మర్యాద ఎలా మారిపోతుందో మనకు తెలుసు. ఇక్కడా అదే జరిగింది. 1885లో ఇంగ్లండ్‌లో డబ్బు తీసుకుని ఆడటానికి అనుమతి వచ్చింది. 1888లో లీగ్ మొదలైంది. మిల్లుల్లో, గనుల్లో పనిచేసే కుర్రాళ్ళు ఆటలోకి వచ్చారు. గెలుపు మీద వాళ్ళ జీతం, ఇంటి పొయ్యి ఆధారపడ్డాయి. గోల్ పడబోతుంటే చేత్తో ఆపెయ్యడం, దూసుకొస్తున్నవాణ్ణి కాలడ్డుపెట్టి పడెయ్యడం ఎక్కువైంది. అలా చేస్తే ఇచ్చే శిక్షల్లా అక్కడినుంచి ఒక మామూలు ఫ్రీకిక్. జట్టంతా గోల్ ముందు గోడ కట్టినట్టు నిలబడితే ఇంక అందులోంచి బంతి ఎక్కడ పోతుంది? తప్పు చేసినవాడికే లాభం.

దీనికి మందు కనిపెట్టినవాడు ఐర్లండ్‌వాడు. పేరు విలియం మెక్రమ్. ఆర్మా కౌంటీలో మిల్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్ళో నార బట్టల మిల్లు వాళ్ళ కుటుంబానిది. ఆయన ఊరి జట్టుకు గోల్‌కీపర్. అవును, పెనాల్టీ వల్ల అందరికన్నా ఎక్కువ ఇబ్బంది పడే గోల్‌కీపరే దాన్ని కనిపెట్టాడు! ఐరిష్ లీగ్ మొదలైన 1890-91 సీజన్లో మిల్‌ఫర్డ్ జట్టు ఆడిన ప్రతి ఆటా ఓడిపోయింది. గోల్ ముందు నిలబడి చూసినవాడికి కదా ఎవరెవరు ఏం చేస్తున్నారో కనిపించేది. గోల్ దగ్గర కావాలని తప్పు చేస్తే ఎదుటి జట్టుకు అడ్డం లేని ఒక షాట్ ఇవ్వాలి, మధ్యలో గోల్‌కీపర్ తప్ప ఇంకెవరూ ఉండకూడదు అన్నది ఆయన ఆలోచన.

1890లో ఐరిష్ సంఘం ఈ ప్రతిపాదన పెడితే అందరూ నవ్వారు. మర్యాదస్తుల ఆటలో మోసగాళ్ళ కోసం చట్టమా, అంటే మమ్మల్ని మోసగాళ్ళంటున్నావా అని కోప్పడ్డారు కూడా. ప్రతిపాదన పక్కకు పోయింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 14న ఎఫ్.ఏ. కప్‌లో నాట్స్ కౌంటీకీ స్టోక్‌కీ ఆట. స్టోక్ గోల్ పడబోతుండగా కౌంటీ ఆటగాడు గీత మీదనే చేత్తో బంతి ఆపేశాడు. స్టోక్‌కి ఫ్రీకిక్ వచ్చింది. గోల్‌కీపర్ వచ్చి సరిగ్గా బంతి ముందే నిలబడ్డాడు. అప్పటి చట్టంలో అది తప్పు కాదు. గోల్ పడలేదు, స్టోక్ 1-0తో ఓడింది. కళ్ళెదురుగా అన్యాయం జరిగింది, చట్టం మాత్రం ఎక్కడా తప్పలేదు. అప్పటికి గానీ పెద్దలకు మెక్రమ్ మాట చెవికెక్కలేదు. 1891 జూన్ 2న గ్లాస్గోలో కూర్చుని పెనాల్టీ కిక్‌ని ఒప్పుకున్నారు. రిఫరీని గీత బయటినుంచి మైదానంలోకి తెచ్చి చేతికి పూర్తి అధికారం ఇవ్వడం కూడా ఆ ఏడాదే మొదలైంది. రెండు జట్ల అంపైర్లు పక్క గీతల దగ్గరికి జరిగారు.

మొదట్లో పెనాల్టీ ఇప్పటిలా ఒకే చుక్క మీదనుంచి కాదు. గోల్‌కి 12 గజాల దూరంలో గీసిన గీత మీద ఎక్కడినుంచైనా కొట్టొచ్చు. గోల్‌కీపర్ ఆరు గజాలు ముందుకు ఉరికి రావచ్చు. చుక్క 1902లో వచ్చింది. గోల్‌కీపర్ గీత మీదే ఉండాలన్న నియమం 1905లో వచ్చింది.

ఇక్కడ నన్ను బాగా ఆలోచింపజేసిన ముచ్చట ఒకటుంది. కోరింథియన్స్ అని ఇంగ్లండ్‌లో ఒక పేరున్న జట్టు ఉండేది. డబ్బు తీసుకోకుండా సరదాకి ఆడే పెద్దింటి పిల్లల జట్టు. పెనాల్టీని వాళ్ళు అవమానంగా భావించారు. తమకు పెనాల్టీ వస్తే కావాలనే పక్కకు కొట్టేవారని, ఎదుటివారికి వస్తే తమ గోల్‌కీపర్ స్తంభానికి ఆనుకుని నిలబడి గోల్ పడనిచ్చేవాడని చెబుతారు. వినడానికి ఎంతో గొప్పగా ఉంటుంది. నాకూ మొదట ముచ్చటేసింది. తర్వాత అనిపించింది, ఆ గోల్ పోతే వాళ్ళకు పోయేదేముంది? సాయంత్రం ఇంటికెళితే భోజనం సిద్ధంగా ఉంటుంది. మిల్లు కుర్రాడికి అలా కాదు. నిజాయితీ అందరికీ ఒకే ధరకు దొరకదండీ. కొందరికి ఊరికే వస్తుంది, కొందరికి నెల జీతమంత ఖరీదు. ‘వాళ్ళ పిల్లలు ఎంత పద్ధతిగా ఉంటారో చూడు’ అని పక్కింటి పిల్లలతో మన పిల్లల్ని పోల్చే ముందు ఈ లెక్క కూడా గుర్తుంచుకోవాలి. దానర్థం మోసం చెయ్యొచ్చని కాదు. పేదవాడికైనా, పెద్దింటివాడికైనా ఒకే శిక్ష పడేలా చట్టం ఉండాలని. మెక్రమ్ చేసింది అదే. తనేమో మిల్లు యజమాని కొడుకు, రాసిందేమో తనవాళ్ళకు నచ్చని చట్టం. మిల్‌ఫర్డ్‌లో ఇప్పుడు ఆయన ప్రతిమ ఉంది.

సరే, మందు దొరికింది. మందుతోపాటే కొత్త జబ్బూ వచ్చింది. పెనాల్టీ అంటే నాలుగింట మూడుసార్లు గోలే. అంత విలువైనది ఎదుటివాడు పడేస్తే వస్తుందంటే, పడెయ్యకపోయినా పడితే సరి అన్న తెలివి ఎవరికో ఒకరికి రాకుండా ఉంటుందా? ఇంట్లో చిన్నవాడు ఏడిస్తే పెద్దవాడికి దెబ్బలు పడతాయని తెలిశాక, చిన్నవాడు ఏడవడం నేర్చుకోడూ!

1974లో మ్యూనిక్‌లో ఫైనల్ జరిగింది, పశ్చిమ జర్మనీకీ నెదర్లాండ్స్‌కీ. రిఫరీ జాక్ టేలర్, ఇంగ్లండ్‌లో మాంసం కొట్టు నడుపుకునే మనిషి. ఆట మొదలైన మొదటి నిమిషంలోనే, జర్మనీవాళ్ళు ఒక్కసారైనా బంతిని తాకకముందే, క్రైఫ్‌ని పడేశారని నెదర్లాండ్స్‌కి పెనాల్టీ ఇచ్చాడు. జర్మనీ గడ్డ మీద, జర్మనీ జనం ముందు. అంత ధైర్యం! ఆ తర్వాత 25వ నిమిషంలో జర్మనీ ఆటగాడు హోల్జెన్‌బైన్ పడ్డాడు. వాళ్ళకీ పెనాల్టీ. చివరికి జర్మనీ 2-1తో గెలిచింది. హోల్జెన్‌బైన్ నిజంగా పడ్డాడా, పడినట్టు నటించాడా అన్న వాదన యాభై ఏళ్ళు దాటినా ఆగలేదు. ఇలా పడటానికి జర్మన్ భాషలో ‘ష్వాల్బె’ అని పేరు. నేలకు రాసుకుంటూ ఎగిరే ఒక చిన్న పిట్ట పేరది. ఆ జర్మనీ నుంచే క్లిన్స్‌మన్ అనే ఆటగాడు 1994లో లండన్ జట్టులో చేరితే, వీడు నాటకాలవాడు అని పత్రికలు ముందే రాసిపెట్టాయి. ఆయన రాగానే, ఇక్కడ డైవింగ్ స్కూళ్ళు ఎక్కడున్నాయని విలేకరుల్నే అడిగాడు. మొదటి గోల్ కొట్టి తనే గడ్డి మీదకు దూకి జారాడు. జనం పడీపడీ నవ్వారు. ఏ దేశంవాళ్ళని అడిగినా నాటకాలాడేది పక్క దేశంవాళ్ళే. గురివింద గింజ సామెత ఊరికే పుట్టలేదు.

తీర్పు చెప్పేవాళ్ళ కష్టం చూసి కెన్ ఆస్టన్ అనే ఇంగ్లిష్ రిఫరీ పసుపు, ఎరుపు కార్డులు కనిపెట్టాడని అందరూ రాస్తారు. 1966 ప్రపంచకప్‌లో రిఫరీ ఎవర్ని హెచ్చరించాడో, ఎవర్ని పొమ్మన్నాడో భాష తెలియక పెద్ద గందరగోళమైంది. కారులో ఇంటికెళుతూ ట్రాఫిక్ దీపాలు చూసి ఆయనకు రంగుల ఆలోచన వచ్చిందట. ఇంటికెళ్ళి భార్యకు చెబితే, ఆవిడ లోపలికెళ్ళి రంగు కాగితాలు చొక్కా జేబులో పట్టే కొలతకు కత్తిరించి తెచ్చి చేతిలో పెట్టిందట. ఆవిడ పేరు హిల్డా. 1970 ప్రపంచకప్ నుంచి కార్డులు వాడుకలోకొచ్చాయి. ఆస్టన్ పేరు పుస్తకాల్లో ఉంది. హిల్డా పేరు ఎంతమందికి తెలుసు?

అసలు ఆ ఇంగ్లండ్‌లోనే 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్‌లో ఆడవాళ్ళ ఆట చూడటానికి 53,000 మంది వచ్చారు. ఏడాది తిరక్కుండానే, ఈ ఆట ఆడవాళ్ళకు తగదంటూ సంఘంవాళ్ళు తమ మైదానాలు వాళ్ళకు మూసేశారు. దాదాపు యాభై ఏళ్ళు మూసే ఉంచారు. 2022 డిసెంబర్ 1న ఖతార్‌లో జర్మనీ, కోస్టారికా ఆటకు ఫ్రాన్స్‌కి చెందిన స్టెఫానీ ఫ్రాపార్ విజిల్ వేసింది. మగవాళ్ళ ప్రపంచకప్‌లో ఒక స్త్రీ రిఫరీ కావడం అదే మొదటిసారి. పక్క గీతల దగ్గర కూడా ఇద్దరూ ఆడవాళ్ళే. మగవాళ్ళ తగవులు తీర్చడం మనకు కొత్తా ఏమిటి? విజిల్ చేతికివ్వడానికే ఇన్నేళ్ళు పట్టింది.

నిజం చెప్పినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. 1997లో ఆర్సెనల్ మీద ఆడుతూ లివర్‌పూల్ ఆటగాడు రాబీ ఫౌలర్ పడ్డాడు. రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు. ఫౌలర్ లేచి, గోల్‌కీపర్ తనని తాకలేదని చేతులూపుతూ చెప్పాడు. రిఫరీ వినలేదు. ఇచ్చిన తీర్పు ఇచ్చిందే. ఫౌలర్ కొట్టిన బంతిని గోల్‌కీపర్ ఆపాడు గానీ, తిరిగొచ్చిన బంతిని ఇంకో లివర్‌పూల్ ఆటగాడు గోల్‌లో వేసేశాడు. నిజం చెప్పినా ఫలితం మారలేదు. 1986లో చేత్తో గోల్ వేసిన మారడోనా మాత్రం తన దేశంలో దేవుడయ్యాడు. ఆ ఆటకు రిఫరీగా ఉన్న ట్యునీషియా మనిషి అలీ బెనాసర్ పేరు చెబితే జనానికి ఆ ఒక్క తీర్పే గుర్తొస్తుంది. 1999లో నాటకమాడితే పసుపు కార్డు అన్న నియమం గట్టిగా వచ్చింది. 2002లో బంతి కాలికి తగిలితే మొహం పట్టుకుని పడిపోయిన బ్రెజిల్ ఆటగాడు రివాల్డోకు జరిమానా వేశారు. కానీ ఆ పడటం వల్ల బయటికి పోయిన టర్కీ ఆటగాడి ఎర్ర కార్డు ఆ రోజు ఆటలో ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

2018 ప్రపంచకప్ నుంచి వీడియో రిఫరీలు వచ్చారు. ఇంక తగవులే ఉండవన్నారు. ఆ ఏడాది ఫైనల్లోనే వీడియో చూసి, చేతికి తగిలిందని ఫ్రాన్స్‌కి పెనాల్టీ ఇచ్చారు. కావాలని తగిలించాడా, బంతే వచ్చి తగిలిందా అని మళ్ళీ మొదలు! కెమెరా కాలు తగిలిందో లేదో చూపిస్తుంది. మనసులో ఏముందో చూపించదు. పిల్లల ఫోన్లు రోజూ తిప్పి చూసే తల్లిదండ్రులకి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇంతవరకూ వాదనల కథ. నేనిది రాయడానికి అసలు కారణం వేరే ఉంది. నాటకాలు ఎక్కువైతే నష్టం ఎవరికి? నిజంగా పడ్డవాడికి.

1982 జులై 8న స్పెయిన్‌లో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ సెమీఫైనల్. ఫ్రాన్స్ ఆటగాడు బాటిస్టన్ బంతి కోసం పరుగెత్తుతుంటే జర్మనీ గోల్‌కీపర్ షూమాకర్ ఎగిరొచ్చి గుద్దాడు. బాటిస్టన్ స్పృహ తప్పాడు. పళ్ళు ఊడాయి, వెన్నుపూసకు దెబ్బ తగిలింది. స్ట్రెచర్ మీద మోసుకెళ్ళారు. రిఫరీ దాన్ని తప్పుగా కూడా లెక్కపెట్టలేదు. పెనాల్టీ లేదు, కార్డు లేదు. ఆట సాగింది, చివరికి జర్మనీయే గెలిచింది.

ఇది చదువుతున్నప్పుడు నాకు మైదానం గుర్తు రాలేదు. మన ఇళ్ళే గుర్తొచ్చాయి. నడుం నొప్పి అన్న కోడలికి ‘పని తప్పించుకోవడానికి’ అన్న బిరుదు. నెలసరి నొప్పితో ముడుచుకు పడుకున్న పిల్లకు ‘ఇదంతా ఓవరాక్షన్’ అన్న మాట. కాన్పు తర్వాత ఊరికే ఏడుస్తున్న తల్లిని ‘లోకంలో నువ్వొక్కదానివే కన్నావా’ అని అడగడం. ఎవరో ఎప్పుడో నాటకమాడారని, ఈ రోజు పడ్డవాళ్ళందరికీ పసుపు కార్డే. అనేవాళ్ళలో మనమూ ఉంటాం, పడేవాళ్ళలోనూ మనమే ఉంటాం.

2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో డెన్మార్క్, ఫిన్లండ్ ఆట. డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ ఉన్నట్టుండి నేల మీద పడిపోయాడు. అతన్ని ఎవరూ తాకలేదు, గుద్దలేదు. ఇన్నేళ్ళ నాటకాల అలవాటు ప్రకారమైతే ‘లేవయ్యా’ అనాలి. రిఫరీ ఆంటొనీ టేలర్ ఒక్క క్షణం కూడా ఆగలేదు. వెంటనే ఆట ఆపి వైద్యుల్ని పిలిచాడు. జట్టువాళ్ళు చుట్టూ నిలబడి, అతని మీద కెమెరాలు పడకుండా వీపులు అడ్డం పెట్టారు. కెప్టెన్ కేయర్, ఏడుస్తూ వచ్చిన ఎరిక్సన్ సహచరిని దగ్గరికి తీసుకుని ఓదార్చాడు. ఎరిక్సన్ గుండె ఆగిపోయింది. అక్కడే తిరిగి కొట్టించారు. 2024లో యూరో కప్‌లో అతను మళ్ళీ గోల్ కొట్టాడు.

ఆ రోజు ఆ రిఫరీ ‘నిజమా, నటనా’ అని ఆలోచిస్తూ ఒక్క నిమిషం నిలబడి ఉంటే? మా ఇంట్లో సోఫా మీది తగవు నేను తీర్చలేను, తీర్చను కూడా. పెనాల్టీ అవునో కాదో వాళ్ళే తేల్చుకోనీ. ఇంట్లో ఎవరైనా ‘అమ్మా, నొప్పి’ అంటే మాత్రం ముందు దగ్గరికెళ్ళి చెయ్యి వేసి చూద్దాం. నాటకమైతే పోయేదేముంది, కాస్త మన టైము. కార్డు తర్వాతైనా తియ్యొచ్చు.